పలుగురాయి నుండి సిలికోను తిత్తి వరకు

తెలంగాణ దక్షిణ భాగంలోని మెట్ట ప్రాంతాలలో, అంటే పూర్వపు మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాల ఎర్ర చెలకలలో, నడచిపోయే వారికి తెల్లగా మెరిసే రాళ్లు అక్కడక్కడ కాలికి తగులుతూ ఉంటాయి. వీటిని పలుగురాళ్లు అంటారు. చీకటిలో రెండు పలుగురాళ్లను రాపాడించి, పుట్టే మినుకును చూసి ఆనందించడం పల్లెటూరి పిల్లలకు తెలిసిన ఆటే. ఇక్కడి గుట్టల రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ రాతి పగుళ్లలోకి భూగర్భం నుండి వేడి ద్రవాలు ప్రవేశించి, చల్లారి, గట్టిపడగా ఏర్పడినవే ఈ తెల్లని చారలు. చుట్టూ ఉన్న రాయి అరిగి మన్నైపోయినా పలుగురాయి మాత్రం నేలపై మిగిలిపోతుంది. ఎండకు, వానకు, సాధారణమైన ఆమ్లాలకు అది లొంగదు.

ఈ రాయిలో దాగి ఉన్న మూలకమే ఇరవయ్యవ శతాబ్దంలో రూపం మార్చుకొని, మెత్తని జిగురు పదార్థమై, లక్షలాది స్త్రీల శరీరాలలో ప్రవేశించినది. జారిన స్తనాలను సరిచేసే శస్త్రచికిత్సలో అమర్చే సిలికోను తిత్తి దానితో తయారైనదే. రాయివలె మార్పు చెందని పదార్థం కనుక దేహానికి హాని చేయదు అన్న నమ్మకం ఈ చికిత్సకు పునాది. ఆ నమ్మకం ఎంతవరకు నిలిచినది, ఎక్కడ బీటలు వారినది అన్నదే ఈ చరిత్రలో తెలుసుకోవలసిన ముఖ్య విషయం.

స్తనం ఎందుకు జారుతుంది?

స్తనంలో కండరం లేదు. దానిలో ఉన్నవి పాలగ్రంథులు, పాలను తెచ్చే నాళాలు, కొవ్వు, వీటన్నిటినీ కలిపి ఉంచే నార వంటి కణజాలం. కండరం ఉన్నది స్తనానికి వెనుక, ఛాతీ ఎముకల మీద. కనుక స్తనాన్ని నిలబెట్టే భారం రెండింటి మీద పడుతుంది. మొదటిది పైనున్న చర్మం. రెండవది చర్మానికీ, లోపలి పొరకూ మధ్య సన్నని తాళ్లవలె వ్యాపించిన బంధకాలు. లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1840లో ప్రచురించిన స్తన నిర్మాణ గ్రంథంలో ఈ బంధకాలను వర్ణించాడు. నేటికీ వాటిని కూపర్ బంధకాలనే పిలుస్తున్నారు.

చెట్టు కొమ్మకు కట్టిన ఊయల తాడు ఏళ్ల తరబడి బరువు మోసి సాగినట్లే ఈ బంధకాలు కూడా సాగుతాయి. గర్భం ధరించినప్పుడు గ్రంథులు పెరిగి స్తనం బరువెక్కుతుంది, చర్మం విశాలమవుతుంది. తరువాత గ్రంథులు కుంచించుకొని పోతాయి కాని సాగిన చర్మం పూర్తిగా వెనుకకు రాదు. ముట్లుడిగిన వయస్సులో గ్రంథుల స్థానాన్ని చాలా భాగం కొవ్వు ఆక్రమిస్తుంది. బరువు పెరిగి తగ్గడం, పొగ త్రాగడం కూడా చర్మపు సాగుగుణాన్ని దెబ్బతీస్తాయి.

బిడ్డకు పాలివ్వడం వలన స్తనాలు జారిపోతాయని ఒక నమ్మకం లోకంలో బలంగా ఉన్నది. ఈ భయంతో పాలు త్వరగా మాన్పించే తల్లులు కూడా ఉంటారు. 2008లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ వైద్యులు ఈ విషయాన్ని పరిశీలించి ప్రచురించారు. వయస్సు, గర్భాల సంఖ్య, శరీరపు బరువు, స్తనాల పరిమాణం, పొగ త్రాగే అలవాటు ఇందుకు కారణాలుగా తేలినవి. పాలివ్వడం కారణంగా తేలలేదు. మార్పు గర్భంతోనే వస్తుంది. పాలు మాన్పించినంత మాత్రాన అది ఆగదు. బిడ్డ మాత్రం తన వంతు ఆహారాన్ని కోల్పోతుంది.

జారుదలను కొలవడానికి కెనడా వైద్యురాలు పౌల్ రెన్యో 1976లో ఒక పద్ధతి చెప్పినది. స్తనం క్రింద ఛాతీతో కలిసే చోట ఒక మడత ఉంటుంది. చనుమొన ఆ మడత మట్టానికి వస్తే మొదటి స్థాయి. దానికి దిగువకు పోతే రెండవ స్థాయి. స్తనంలో అన్నిటికంటె క్రింది భాగానికి చేరి నేలచూపు చూస్తే మూడవ స్థాయి. ఇది కేవలం శస్త్రవైద్యుని కొలత. జారుదల వయస్సుతో వచ్చే సహజమైన మార్పే గాని వ్యాధి కాదు.

కత్తితో ఎత్తే ప్రయత్నాలు

ఏడవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏజినాకు చెందిన పౌలు, పురుషులలో పెరిగిన స్తనాలను కోసి తగ్గించే విధానాన్ని వ్రాసిపెట్టాడు. అయినా కేవలం ఆకారం కొరకు స్త్రీల స్తనాలపై శస్త్రచికిత్స చేయడం పందొమ్మిదవ శతాబ్దం చివరి వరకు ఎవరూ తలపెట్టలేదు. అందుకు రెండు ఆటంకాలు ఉండేవి. ఒకటి బాధ, రెండవది చీము. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారం మత్తుమందులుగా వాడుకలోకి వచ్చి మొదటి ఆటంకాన్ని తొలగించాయి. 1867లో జోసెఫ్ లిస్టర్ ప్రకటించిన క్రిమినాశక పద్ధతి రెండవదానిని తగ్గించినది.

మత్తుమందు చరిత్రలో హైదరాబాదు రాజ్యానికి ఒక ముఖ్యమైన స్థానం ఉన్నది. క్లోరోఫారం వాసన చూపినప్పుడు కొందరు రోగులు అకస్మాత్తుగా చనిపోయేవారు. మరణం గుండె ఆగడం వలన వచ్చినదా, ఊపిరి ఆగడం వలన వచ్చినదా అన్నది ఆనాటి పెద్ద వివాదం. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని జాగ్రత్తగా గమనిస్తే క్లోరోఫారం ప్రమాదరహితమని వాదించాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాను ధనసహాయంతో 1888లోను, 1889లోను రెండు సంఘాలు హైదరాబాదులో పరిశోధన జరిపాయి. రెండవ సంఘానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగినవి. లారీ చెప్పినదే సరియైనదని సంఘం తీర్పు చెప్పినది. ఆ మరుసటి సంవత్సరం, 1890లో, పాలమూరుకు ఈ నిజాం పేరు మీదుగానే మహబూబ్‌నగరు అని పేరు పెట్టారు.

కాని 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లులపై చేసిన ప్రయోగాలలో మరొక సత్యం బయటపడినది. మత్తు తేలికగా ఉన్న దశలో క్లోరోఫారం ప్రభావం వలన గుండె లయతప్పి కొట్టుకొని, ఆగిపోగలదు. ఊపిరిని గమనించాలన్న హైదరాబాదు సలహా మంచిదే, కాని క్లోరోఫారం గుండెకు హాని చేయదన్న తీర్పు తప్పు. ఎన్నో జంతువులపై శ్రద్ధగా చేసిన ప్రయోగాలు కూడా ఒక పదార్థం యొక్క ప్రమాదాన్ని పూర్తిగా చూపలేకపోయాయి. స్తన శస్త్రచికిత్సలో ఇదే పాఠం మరల ఎదురైనది.

స్తనాన్ని పైకి ఎత్తే శస్త్రచికిత్సను 1897లో ఫ్రెంచి వైద్యుడు పూసాన్ వర్ణించాడు. స్తనం పైభాగంలో నెలవంక ఆకారంలో చర్మాన్ని, కొవ్వును తీసివేసి, మిగిలిన భాగాన్ని ఛాతీ కండరం మీది పొరకు కుట్టాడు. ఎత్తడం సాధ్యమైనది కాని చనుమొనను క్రొత్త స్థానానికి చేర్చడం కష్టమైనది. చుట్టూ చర్మం కోస్తే చనుమొనకు రక్తం అందక అది నల్లబడి చచ్చిపోయేది. చికాగో వైద్యుడు మాక్స్ థోరెక్ 1922లో దానిని పూర్తిగా కోసి తీసి, పైన అతికించే పద్ధతి చెప్పాడు. అది బ్రతికేది కాని స్పర్శ, పాలిచ్చే శక్తి పోయేవి. 1930లో ష్వార్ట్స్‌మన్ అనే వైద్యుడు మంచి మార్గం చూపాడు. చనుమొన చుట్టూ పై చర్మాన్ని మాత్రమే పలుచగా గీకివేసి, దాని క్రింది పొరను అలాగే ఉంచితే, అందులోని సన్నని నాళాల ద్వారా రక్తం అందుతూ ఉంటుంది.

ఈ సూత్రం మనకు క్రొత్తది కాదు. తెగిన ముక్కును బాగుచేయడానికి భారతీయ వైద్యులు నుదుటి చర్మాన్ని కోసి, ఒక కొసను కనుబొమల మధ్య వదలకుండా ఉంచి, క్రిందికి మలచి అతికేవారు. ఆ కొస ద్వారా రక్తం అందుతుంది కనుక అతుకు బ్రతుకుతుంది. ఈ పద్ధతి వర్ణన 1794లో లండన్ పత్రికలో అచ్చయి ఐరోపా వైద్యులను ఆశ్చర్యపరచినది. పుట్టినచోటితో సంబంధం తెంచని చర్మం చావదు అన్న ఒక్క సూత్రం మీదనే నేటి స్తన శస్త్రచికిత్స కూడా నిలిచి ఉన్నది. 1956లో అమెరికా వైద్యుడు రాబర్ట్ వైజ్ దర్జీలు బట్ట కత్తిరించినట్లు చర్మాన్ని ఏ కొలతలతో కత్తిరించాలో ఒక నమూనా తయారుచేశాడు. అది చాలా కాలం శస్త్రవైద్యులకు మార్గదర్శకమైనది.

నింపే ప్రయత్నాలు

చర్మాన్ని బిగించినంత మాత్రాన ఖాళీ అయిన స్తనం నిండదు. గాలి తగ్గిన బంతి తోలును ఎంత కుట్టినా బంతి చిన్నదవుతుంది గాని నిండుగా కాదు. అందుచేత లోపల ఏదైనా పెట్టాలన్న ఆలోచన కలిగినది.

1895లో జర్మనీలోని హైడెల్‌బర్గులో విన్సెంట్స్ చెర్నీ అనే శస్త్రవైద్యుడు ఒక గాయనికి స్తనంలోని గడ్డను తీసివేయవలసి వచ్చినది. ఆమె శరీరంలోనే మరొక చోట పెరిగిన కొవ్వుకంతిని తీసి ఆ ఖాళీలో అమర్చాడు. ఇది ఆమె సొంత కణజాలం. కాని కొవ్వుకంతి అందరికీ ఉండదు. తరువాత వచ్చినవారు సులభమైన మార్గం వెతికారు. 1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ కరిగిన పారఫిన్ వంటి మైనపు పదార్థాన్ని సూదితో ఎక్కించే పద్ధతి ప్రవేశపెట్టాడు. స్తనాలలోనూ దానిని ఎక్కించసాగారు. మొదట ఆకారం చక్కగా ఉండేది. కొన్నేళ్లకు గట్టి గడ్డలు కట్టేవి, చర్మం పుండ్లు పడేది. పారఫిన్ రక్తనాళాలలో ప్రవేశించి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాలు తీసిన సందర్భాలు కూడా కలవు.

1950 ప్రాంతంలో కృత్రిమ స్పంజిలు వచ్చాయి. పాలీవినైల్ ఆల్కహాలుతో చేసిన స్పంజిని స్తనం వెనుక అమర్చేవారు. స్పంజి రంధ్రాలలోకి శరీరపు నార కణజాలం పెరిగి, ఎండిన తోలువలె కుంచించుకొని, గట్టిపడేది. ఏ పదార్థమైనా పెట్టిన రోజున బాగానే కనిపించేది. దేహం తన జవాబు చెప్పడానికి కొన్నేళ్లు తీసుకొనేది.

రాయి జిగురైన విధం

ఇక్కడ మూడు మాటలను వేరుగా గుర్తించాలి. సిలికా అంటే పలుగురాయి, ఇసుక. సిలికాన్ అంటే అందులోని మూలకం. 1824లో బెర్జీలియస్ దీనిని వేరుచేశాడు. సిలికోను అంటే ఆ మూలకంతో మానవుడు తయారుచేసిన క్రొత్త పదార్థం.

పలుగురాయిలో ప్రతి సిలికాన్ పరమాణువు నాలుగు ఆమ్లజని పరమాణువులతో నలువైపులా బంధింపబడి ఉంటుంది. ఆ అల్లిక వలననే దానికి అంత గట్టితనం. పలుగురాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడిలో కరిగిస్తే బొగ్గులోని కర్బనం ఆమ్లజనిని తీసుకొనిపోతుంది, సిలికాన్ మిగులుతుంది. దీని పొడిపై, రాగి సహాయంతో, సుమారు 300 డిగ్రీల వద్ద మిథైల్ క్లోరైడు వాయువును పంపితే ఒక ద్రవం వస్తుంది. 1940లో అమెరికాలో యూజీన్ రోకో కనుగొన్న ఈ మార్గమే సిలికోను పరిశ్రమకు ఆధారం. ఆ ద్రవాన్ని నీటితో కలిపితే సిలికాన్, ఆమ్లజని ఒకటి విడచి ఒకటిగా పూలదండవలె గుచ్చబడిన పొడవైన గొలుసు ఏర్పడుతుంది. రాయిలో నలువైపులా ఉన్న బంధాలలో రెండు తెగి, వాటి స్థానంలో మిథైల్ సమూహాలు చేరుతాయి. గొలుసులు జారుతూ ఉంటే నూనె, అక్కడక్కడ ముడిపడితే జిగురు, ఎక్కువగా ముడిపడితే రబ్బరు.

ఈ పదార్థాలపై ఇంగ్లండులోని నాటింగ్‌హాములో ఫ్రెడరిక్ కిప్పింగ్ నాలుగు దశాబ్దాలు పనిచేశాడు. సిలికోను అన్న పేరు పెట్టినది ఆయనే. తాను తయారుచేసిన జిగురులు ఎందుకైనా పనికివస్తాయన్న ఆశ ఆయనకు పెద్దగా లేదు. రెండవ ప్రపంచయుద్ధం వాటికి పని చూపినది. ఎత్తున ఎగిరే విమానాల విద్యుత్ భాగాలకు తేమ తగలకుండా పూయడానికి సిలికోను సరిపోయినది. 1943లో డౌ కార్నింగ్ కంపెనీ ఏర్పడినది. వేడికి కరగదు, చలికి గడ్డకట్టదు, నీటికి తడవదు, కుళ్లదు. వైద్యుల దృష్టి దీనిపై పడడంలో వింత లేదు.

హ్యూస్టన్, 1962

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే ఇద్దరు శస్త్రవైద్యులు పనిచేసేవారు. అప్పటికి రక్తాన్ని గాజుసీసాలకు బదులు ప్లాస్టిక్ సంచులలో నిలువచేయడం మొదలైనది. నిండిన రక్తపు సంచిని చేతితో పట్టుకొన్న గెరోకు అది స్తనంవలె మెత్తగా ఉన్నదనిపించినదట. డౌ కార్నింగ్ సహాయంతో సిలికోను రబ్బరు తొడుగులో సిలికోను జిగురు నింపిన తిత్తిని ఇద్దరూ తయారుచేయించారు. మొదట ఒక కుక్కకు అమర్చి చూశారు. 1962లో మొదటిసారిగా ఒక స్త్రీకి అమర్చారు. ఆమె ఆరుగురు పిల్లల తల్లి. ఛాతీ మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చినది. తనకు స్తనాలకంటె చెవులు సరిచేయించుకోవాలన్న కోరికే ఉండేదనీ, వైద్యులు రెండూ చేస్తామని చెప్పగా ఒప్పుకొన్నాననీ ఆమె తరువాతి కాలంలో చెప్పినది. 1963లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ వైద్యులు తమ ఫలితాలను ప్రకటించారు.

బయటి పదార్థాన్ని అమర్చడం, చర్మం బిగించి ఎత్తడం, ఈ రెండు పనులను కలిపి చేయడం గురించి 1960లో మెక్సికో వైద్యుడు గొన్సాలెస్ ఉల్లోవా, 1966లో రెన్యో వ్రాశారు. ఈ జోడు చికిత్సలో ఒక చిక్కు ఉన్నది. ఎత్తే శస్త్రచికిత్స చర్మాన్ని తగ్గించి బిగిస్తుంది. తిత్తి అదే చర్మాన్ని లోపలి నుండి తోసి సాగదీస్తుంది. కుట్ల మీద రెండు వైపుల నుండి లాగుడు పడుతుంది. అంతేకాక 300 ఘన సెంటీమీటర్ల తిత్తి బరువు దాదాపు 300 గ్రాములు. తన బరువునే మోయలేక సాగిన కణజాలానికి మరొక బరువు తగిలించినట్లవుతుంది. జారుదల స్వల్పంగా ఉంటే తిత్తి ఒక్కటే సరిపోవచ్చును. ఎక్కువగా ఉంటే తిత్తి ఎత్తదు, జారినదానిని ఇంకా బరువు చేస్తుంది. అప్పుడు చర్మం బిగించక తప్పదు. ఈ తేడా గ్రహించక చేసిన చికిత్సలు మరల మరల శస్త్రచికిత్సలకు దారితీశాయి.

తిత్తి చుట్టూ దేహం కట్టే గోడ

కాలిలో ముల్లు విరిగి లోపల ఉండిపోతే దేహం దాని చుట్టూ గట్టి పొర కడుతుంది. సిలికోను తిత్తి విషయంలోనూ అంతే. తిత్తి మారదు, కాని దేహం ఊరుకోదు. కొన్ని వారాలలో దాని చుట్టూ నార కణజాలపు తొడుగు ఏర్పడుతుంది. ఈ తొడుగు పలుచగా ఉన్నంతవరకు బాధలేదు. కొందరిలో అది మందమై, బిగిసి, మెత్తని తిత్తిని గుండ్రని గట్టి బంతిగా పిండుతుంది, నొప్పి కలుగుతుంది. దీనిని తగ్గించడానికి తిత్తి పైభాగాన్ని నునుపుగా కాక గరుకుగా తయారుచేశారు. గరుకు తలం మీద నారలు ఒకే వరుసలో బిగియవు, తిత్తి చోటు తప్పదు అని భావించారు. ఈ మార్పు తరువాత మరొక ప్రమాదానికి దారితీసినది.

లెక్కలు తెలిపిన సంగతులు

1962 నుండి చాలా ఏళ్ల పాటు అమెరికాలో ఇటువంటి వైద్య పరికరాలను అమ్మకానికి ముందు పరీక్షించే చట్టమే లేదు. 1976లో ఆ చట్టం వచ్చినది. అప్పటికే మార్కెట్టులో ఉన్నవాటి అమ్మకం మాత్రం సాగిపోయినది. 1980 తరువాత కొందరు స్త్రీలు కీళ్లనొప్పులు, చర్మవ్యాధులు, అలసట తమకు తిత్తుల వలననే వచ్చాయని న్యాయస్థానాలకు వెళ్లారు. తిత్తులు పగులుతున్నాయని, జిగురు బయటికి ఊరుతున్నదని కూడా తేలినది. ఉత్పత్తిదారుల వద్ద సురక్షితమని నిరూపించే దీర్ఘకాలపు లెక్కలు లేవు. 1992లో అమెరికా ఆహార ఔషధ పాలన సంస్థ జిగురు తిత్తుల వాడకాన్ని ఆపివేసి, కాన్సరు శస్త్రచికిత్స తరువాతి పునర్నిర్మాణానికి, నియమబద్ధమైన పరిశోధనలకు మాత్రమే అనుమతించినది. 1995లో డౌ కార్నింగ్ దివాలా ప్రకటించినది.

అప్పుడు శాస్త్రజ్ఞులు చేయవలసిన పనిని ఆలస్యంగా మొదలుపెట్టారు. 1994లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు తిత్తులు అమర్చిన 749 మంది స్త్రీలను, అదే వయస్సు గల అమర్చని 1,498 మందిని పోల్చి చూశారు. కీళ్లవాతం వంటి సంధాయక కణజాల వ్యాధులు రెండు గుంపులలోనూ దాదాపు సమానంగానే ఉన్నాయి. 1999లో అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ నియమించిన సంఘం అన్ని పరిశోధనలను పరిశీలించి అదే అభిప్రాయానికి వచ్చినది. అయితే తిత్తి పగలడం, తొడుగు బిగియడం, చీము పట్టడం, మరల శస్త్రచికిత్స అవసరం కావడం మాత్రం తరచుగా జరుగుతున్నవని స్పష్టం చేసినది. ఈ విధంగా బాధితుల వాదనలో ఒక భాగం నిలువలేదు. వైద్యుల ధైర్యంలో ఒక భాగం కూడా నిలువలేదు. 2006లో జిగురు తిత్తులకు అమెరికాలో తిరిగి అనుమతి లభించినది.

2010లో ఫ్రాన్సులో మరొక సంగతి బయటపడినది. పి.ఐ.పి. అనే కంపెనీ వైద్యానికి ఉద్దేశించిన సిలికోనుకు బదులు చౌకైన పారిశ్రామిక సిలికోనును తిత్తులలో నింపినది. అనేక దేశాలలో సుమారు 3 లక్షల స్త్రీలకు అవి చేరాయి. కంపెనీ స్థాపకునికి 2013లో ఫ్రెంచి న్యాయస్థానం నాలుగేళ్ల జైలుశిక్ష విధించినది. సిలికోను అన్న పేరు ఒకటే అయినా శుద్ధతలో ఎంత తేడా ఉండగలదో దీనివలన లోకానికి తెలిసినది.

అన్నిటికంటె గంభీరమైన విషయం గరుకు తిత్తుల సంగతి. 1997లో ఒక రోగిలో తిత్తి ప్రక్కనే శోషరస కణాల కాన్సరు కనిపించినట్లు ఒక వైద్యపత్రికలో వచ్చినది. ఒక్క రోగి సంగతి కాకతాళీయం కావచ్చును. కాని అటువంటి వార్తలు ఒకటొకటిగా చేరసాగాయి. 2011లో అమెరికా సంస్థ హెచ్చరిక చేసినది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించినది. 2019 జులై నాటికి ప్రపంచం మొత్తం మీద 573 మంది రోగులు, 33 మరణాలు అమెరికా సంస్థ లెక్కలోకి వచ్చాయి. వీరిలో 481 మందికి ఉన్నవి అలర్గాన్ కంపెనీ తిత్తులు. ఆ కంపెనీ తన గరుకు తిత్తులను ప్రపంచమంతటా ఉపసంహరించుకొన్నది. తిత్తులు అమర్చిన లక్షలాది స్త్రీలతో పోల్చితే ఈ సంఖ్య చిన్నది. తొలిదశలో పట్టుకొంటే తిత్తిని, తొడుగును పూర్తిగా తీసివేయడంతో చాలామందికి నయమవుతుంది. కాని తొడుగు బిగియకూడదని చేసిన మార్పే కాన్సరుకు దారి చూపినదన్న సంగతి ఎవరి ఊహకూ అందలేదు. అది తెలియడానికి దశాబ్దాలు పట్టినది. 2021లో అమెరికా సంస్థ ప్రతి తిత్తి పెట్టె మీద గట్టి హెచ్చరిక ముద్రించాలని, శస్త్రచికిత్సకు ముందు స్త్రీకి ప్రమాదాలన్నీ వివరించాలని ఆదేశించినది.

చికిత్స కోరే ముందు

ఈ తిత్తులు జీవితాంతం ఉండేవి కావు. పరిమాణం పెంచుకోవడానికి అమర్చుకొన్నవారిలో అయిదుగురిలో ఒకరికి పదేళ్ల లోపుననే తీసివేయవలసి రావచ్చునని 2011లో అమెరికా సంస్థ తెలియజేసినది. జిగురు తిత్తి పగిలితే పైకి ఏమీ తెలియకపోవచ్చును. అందుచేత అయిదారేళ్లకు ఒకసారి, ఆ తరువాత రెండు మూడేళ్లకు ఒకసారి అల్ట్రాసౌండ్ లేదా ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించాలని 2020లో సలహా ఇచ్చినది. పట్టణానికి దూరంగా ఉన్న ఊళ్ల స్త్రీకి ఈ పరీక్షల ఖర్చు, ప్రయాణాల ఖర్చు కూడా చికిత్స వెలలో భాగమే. మొదటి రోజు చెల్లించే సొమ్ము ఒక్కటే వెల కాదు.

భారతదేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. చికిత్స చేయించుకొనే స్త్రీ తిత్తి తయారీదారు పేరు, రకం, వరుస సంఖ్య గల కాగితాన్ని అడిగి తీసుకొని భద్రపరచుకోవాలి. రేపు ఏదైనా రకాన్ని ఉపసంహరిస్తే, తన శరీరంలో ఉన్నది అదేనా అని తెలుసుకోవడానికి ఆమెకు దొరికే ఆధారం ఆ కాగితమే.

ఇక్కడ రెండు అవసరాలను వేరుగా చూడాలి. కాన్సరు వలన స్తనాన్ని కోల్పోయిన స్త్రీకి పునర్నిర్మాణం అలంకారం కాదు, చికిత్సకు కొనసాగింపు. ఆమెకు తిత్తి ఒక్కటే మార్గం కాదు. వీపు కండరాన్ని, లేదా పొత్తికడుపు మీది చర్మాన్ని, కొవ్వును రక్తనాళాలతో సహా మలచి స్తనాన్ని రూపొందించే పద్ధతులు ఉన్నాయి. ముక్కు బాగుచేసిన పూర్వవైద్యుల సూత్రం అక్కడ కూడా పనిచేస్తున్నది. మహబూబ్‌నగరు, నల్లగొండ ప్రాంతాల నిరుపేదలకు పెద్ద ఆసుపత్రులలో కాన్సరు శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చినది ఇటీవలి కాలంలోనే. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. అదే సంవత్సరం డిసెంబరులో అది నల్లగొండకు వచ్చినది.

ఏ వ్యాధీ లేక, వయస్సుతో, కాన్పులతో జారిన స్తనాల సంగతి వేరు. లేపనాలు, మర్దనలు సాగిన బంధకాలను బిగించలేవు. వ్యాయామం వెనుక నున్న కండరాన్ని బలపరుస్తుందే గాని స్తనాన్ని ఎత్తదు. సరియైన కొలత గల లోదుస్తు బరువును మోసి సుఖాన్ని ఇస్తుంది. శస్త్రచికిత్స కోరుకొనే హక్కు స్త్రీకి ఉన్నది. కోరుకొననందుకు సిగ్గుపడవలసిన పని లేదు. ఇతరుల మాటలకు లోబడి కాక, ఎత్తడం మాత్రమే చాలునా, తిత్తి నిజంగా అవసరమా, మచ్చలు ఎక్కడ ఉంటాయి, పదేళ్ల తరువాత ఏమి చేయవలసి వస్తుంది అని అడిగి తెలుసుకొని నిర్ణయించుకోవాలి.

పలుగురాయి చెలకలో కోట్ల సంవత్సరాలు మారకుండా పడి ఉండగలదు. చుట్టూ ఉన్న మన్ను దానికి జవాబు చెప్పదు. మానవ దేహం అటువంటి నేల కాదు. తనలోకి వచ్చిన ప్రతి పదార్థాన్నీ గుర్తించి, గోడ కట్టి, ఏళ్ల తరబడి దానితో వ్యవహరిస్తుంది. పదార్థం మారదన్నంత మాత్రాన దేహం మారదని చెప్పలేము. దేహం ఎలా మారుతున్నదో తెలుసుకోవాలంటే చికిత్స పొందినవారిని దీర్ఘకాలం గమనించి, లెక్క వ్రాసి, ఆ లెక్కను దాచకుండా ప్రకటించాలి. హైదరాబాదులో క్లోరోఫారం విషయంలోను, హ్యూస్టన్‌లో సిలికోను విషయంలోను వైద్యశాస్త్రం నేర్చుకొన్న పాఠం ఇదే. చికిత్స పొందే ప్రతి స్త్రీ పేరూ అటువంటి లెక్కలోకి చేరినప్పుడే ఆమె తరువాత వచ్చే వారికి రక్షణ.